ఎల్జీ దాచిన పాఠం

ఎల్జీ కూమర్ ఎవరినీ నమ్మడు. కెంటకీ కొండల్లో, వాగు ఒడ్డున, దొంగచాటుగా మొక్కజొన్న విస్కీ కాచే ఈ ముసలాయన, కింద రోడ్డు మీద కారు చప్పుడైతే చాలు, నములుతున్న పొగాకును దవడన పెట్టి చెవులు రిక్కిస్తాడు. అల్లుడు డెల్మర్‌కు పని నేర్పడానికి ఒప్పుకున్నాడు గాని, అతన్నీ ఓరకంటనే చూస్తాడు. పిండి ఎలా పులియబెట్టాలో, రాగి కాగు కింద మంట ఎంత సన్నగా ఉండాలో చెప్పాడు. గొట్టంలోంచి చుక్కలు రాలడం మొదలవగానే మాత్రం, "వాగుకెళ్లి నీళ్లు పట్రా, పో" అని తరిమేస్తాడు. మొదట దిగే చెడ్డ సారా పారబోసి, మంచిది ఎప్పుడు పట్టాలో తెలిసేది ఆ కాసేపట్లోనే.

"నేనేమన్నా షెరీఫ్‌కి చెప్తానా? మీ నాన్నకింత అనుమానమేంటి?" అని పెళ్లాం దగ్గర ఉడుక్కునేవాడు డెల్మర్. ఒకనాడు నీళ్లకు వెళ్లినట్టే వెళ్లి పొదల చాటుగా తిరిగొచ్చాడు. అత్త రోయెనా సారా గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది.

"ఇంకా ఘాటు పోలేదయ్యా. పారబొయ్యి."

"సరిగ్గా చూడవే. ఆ జ్వరమొచ్చి పోయాక నా ముక్కుకి ఏ వాసనా తెలీట్లేదు," అన్నాడు ఎల్జీ.

డెల్మర్ చేతిలోని ఖాళీ బకెట్టు రాయికి తగిలి మోగింది. ఎల్జీ గిరుక్కున తిరిగాడు.

"ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే మామా."

ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. చివరికి ఎల్జీ రోయెనా చేతిలోని గిన్నె తీసుకుని అల్లుడి ముందుకు చాచాడు.

"వాసన చూసి చెప్పు. ఈసారి మాత్రం అబద్ధమాడకు."