అరకడుపు తినమన్న అవ్వ

మా ఆళ్లగడ్డ మంత్రసానవ్వ పోయిందని మొన్న బస్సు దిగి వచ్చిన చిన్నాయన చెప్పాడు. నంద్యాలలో, అత్తగారింట్లో, కంట్రోలు బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నాను. నాకిప్పుడు ఐదో నెల. ముందు వచ్చింది దుఃఖం కాదు, భయం. ఇక ఎవరిని అడగాలి అనుకున్నాను. అలా అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

నన్నూ మా చెల్లెలినీ భూమ్మీదకు తెచ్చింది ఆమె చేతులే. పొట్టి మనిషి. గోళ్లు ఎప్పుడూ మొదలంటా కత్తిరించుకునేది. కడుపుతో ఉన్న మనిషి ఇంటికి వెళ్తే పలకరింపు కూడా లేకుండా వంటింట్లోకి పోయి కుండల మూతలు తీసి చూసేది.

ఈ అలవాటు మొదటి నుంచీ లేదట. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం, అరకడుపే తినాలి అని మా వైపు అందరూ చెప్పే మాటే ఆమె కూడా చెప్పేది. నేను పెద్దగా ఉండి అమ్మను రెండు రోజులు బాధపెట్టానట. అందుకని చెల్లెలప్పుడు అమ్మ ఆ మాట తప్పలేదు. పూటకు పిడికెడు కొర్రన్నం, మజ్జిగ. చెల్లెలు చిన్నగా పుట్టింది, కాన్పు సులువైంది. అందరూ అవ్వను మెచ్చుకున్నారు.

చెల్లెలికి నడక, మాట రెండూ ఆలస్యమే. నాతోపాటు నంద్యాల కాన్వెంటు హాస్టల్లో వేశారు. పొద్దున దిద్దిన అక్షరం మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. కుదురుగా కూర్చోలేదు. మందలిస్తే పలక విసిరేసేది. ఏడాది తిరక్కుండానే ఇంటికి పంపేశారు.

ఆ సెలవుల్లో అవ్వ వచ్చి చెల్లెలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ బిడ్డ తల్లిని తినొద్దంటినే నేను," అంది.

"ఊరుకో అవ్వా. దాని రాత అట్లుంటే నువ్వేం చేస్తావు?" అంది అమ్మ.

"రాత సంగతి నాకు తెల్దు. తక్కువ తిన్న తల్లుల బిడ్డల్ని చూసుకుంటా వస్తాండా. అందరూ ఇట్ల లేరు. ఇట్లుండేటోళ్లు మాత్రం వాళ్లల్లోనే ఎక్కువ కనపడతాండారు."

అది నిజమో కాదో నాకు తెలియదు. నేను చదివిన పుస్తకాల్లో లేదు. ఆమె మాత్రం ఇల్లిల్లూ తిరిగి, "అప్పుడు తప్పు చెప్పినాను, కడుపు నిండా తినండి" అని చెప్పింది. ఆ ధైర్యం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

"బిడ్డ లావైతే నువ్వొచ్చి కంటావా ముసల్దానా?" అని ఒకామె ఎగతాళి చేసింది.

"నా తరం కాదులే, నువ్వే కనాల. పక్కన్నే ఉంటా. ముందు ఆ ఆకుకూర తిను."

పోయిన నెల అవ్వను చూడబోతే మంచంలో ఉంది. నా మణికట్టు పట్టుకుంది.

"ఏం తింటాండావు పాపా?"

"అత్త పెట్టిందే."

"ఎంత పెడతాంది?"

నేను ఆమె దుప్పటి సర్దాను.

"ఆ కాన్వెంటు సిస్టర్లు ఇంగ్లీషు నేర్పినారు గానీ నోరు తెరిచేది నేర్పలేదా?" అని నవ్వింది. దగ్గు వచ్చి ఆగిపోయింది.

మా అత్త చెడ్డది కాదు. నేను కాన్పు నుంచి తేలిగ్గా బయటపడాలనే ఆమె ఆరాటం.

చిన్నాయన వెళ్లాక అన్నానికి కూర్చున్నాను. పళ్లెం ఖాళీ అయింది. అత్త లేవబోతోంది.

"అత్తా, ఇంగో రొట్టె పెట్టు."

ఆమె నా ముఖం చూసింది. "రేపు కాన్పు కష్టమైతే నన్ననొద్దు."

"అనను."

అత్త మళ్లీ పొయ్యి ముందు కూర్చుని జొన్నపిండి తీసుకుంది. నా భయం పోలేదు. చెల్లెలి కాన్పు సులువైందని అందరూ ఎంత సంతోషించారో అమ్మ చెప్పేది గుర్తొస్తూనే ఉంది. పెనం మీద రొట్టె అంచు దగ్గర కొంచెం లేచి, మెల్లగా నడుమ దాకా ఉబ్బింది.