పత్తి గదిలో టిక్... టిక్... పీం!

మా చిన్నప్పుడు... నాకు ఆటలమ్మ పోసిందని వెనక గదిలో చాప వేసి పడుకోబెట్టారు. వినుకొండ దగ్గర మా ఊరు. రేటు వచ్చాక అమ్ముదామని నాన్న ఆ గదిలో సగం దాకా పత్తి పోసి ఉంచాడు. దానికి ఎదురుగా వేపమండల మధ్య నేను...

మిరపకాయల కాలం. పొద్దున్నే అమ్మా నాన్నా కల్లానికి వెళ్ళిపోయేవారు. నాయనమ్మ గడప అవతల పోపు లేని పప్పూ, మజ్జిగన్నమూ పెట్టి, పిలిచి వెళ్ళిపోయేది.

పత్తి ఉన్న గదిలో ఎప్పుడైనా ఒంటరిగా ఉన్నారా మీరు? చప్పుడంతా అది మింగేస్తుంది. నేను అరిచినా నా గొంతు నాకే ముద్దగా వినిపించేది. నిజం చెప్పొద్దూ... ఒళ్ళంతా దురద కన్నా ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ ఏడిపించింది.

తోడున్నది ఒక్క వీడియో గేమ్. మస్కట్‌లో పనిచేసే మావయ్య తెచ్చాడు. అరచేతిలో పట్టేది. బూడిదరంగు తెర, అడుగున నల్లటి పడవవాడు, పైనుంచి పడే కొబ్బరికాయలు... పట్టుకోవాలి, అంతే ఆట. రంగుల్లేవు, బొమ్మ కూడా చీమంత.

కానీ ఆ చప్పుడుందే... కాయ దిగుతుంటే టిక్... టిక్... పట్టుకుంటే పీం! నీళ్ళలో పడిందా, బొయ్య్‌మని నీరసంగా ఒక మూలుగు. ఆట ముదిరేకొద్దీ ఆ టిక్కులు పరిగెత్తేవి. నా గుండె కూడా వాటి వెంటే.

ఒక మధ్యాహ్నం బొయ్య్‌మందో లేదో, కిటికీ అవతల నుంచి ఎవరో అన్నారు.

"పడేశావ్ గదే!"

పక్కింటి పద్మ. వాళ్ళ నాన్న జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు, ఆ ఇంట్లో అద్దెకుండేవాళ్ళు. నా ఈడుదే. ఆ కిటికీ ఎత్తు నాకూ అందదు, దానికీ అందదు. గోడకు ఆనుకుని నిలబడి వినేది. చూస్తుండగానే ఆటంతా చెవులతోనే నేర్చేసుకుంది. టిక్కులు జోరందుకుంటే "జాగ్రత్తే, జాగ్రత్తే!" అని అరుపులు. పీం అంటే చప్పట్లు.

"లోపల ఏముంటయ్యే?" అని అడిగింది ఒకరోజు.

సముద్రం, పడవ, కొబ్బరిచెట్లు అన్నాను.

కాసేపు చెవి పెట్టి విన్నట్టుంది. "అవునే... అలల చప్పుడు కూడా వినపడతంది" అంది.

అందులో అలలు లేవు. మేమిద్దరం సముద్రాన్ని చూసిందీ లేదు. అయినా ఆ రోజు నుంచి నాక్కూడా వినిపించాయి.

ఆ సంబడం ఎంతోకాలం సాగలేదు. నాయనమ్మ కంటపడింది.

"ఆ కీచు వినబడితే చాలు, ఆ పిల్ల వచ్చి గోడకి అతుక్కుంటంది. వాళ్ళమ్మ వట్టి మనిషి కాదు. ఈ జబ్బు ఆమెకంటుకుంటే ఎవరే పూచీ? నువ్వు పలికావంటే ఊరుకోను" అంది. గేమ్ వెనక చప్పుడు వచ్చే చిల్లుల్లో ఇంత పత్తి అదిమి, దెబ్బలకు వేసే ప్లాస్టర్ అంటించింది. ఆవిడ భయం ఆవిడది. ఇప్పుడైతే నేనూ అదే పని చేసేదాన్ని.

చప్పుడు లేకుండా ఆడి చూశాను. ఊహూఁ... కాయ కళ్ళెదుటే పడుతోంది, చెయ్యి మాత్రం కదలదు. ఇన్నాళ్ళూ ఆడింది నా కళ్ళు కాదు, చెవులు.

పద్మ వచ్చింది. పట్టీల చప్పుడు నాకు తెలుసు.

"ఏమే, ఆడటంలా?"

నోరు నొక్కుకుని కూర్చున్నాను.

"నా మీద కోపమా?"

ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నేను చాపలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాత ఒక పొద్దున కిటికీ పక్క సందులో బండి ఆగింది. సామాన్లు ఎక్కిస్తున్న చప్పుడు... "పద్మావాళ్ళు కనిగిరి పోతన్నారే. వాళ్ళమ్మ పురిటికి. మిల్లులో పని కూడా అయిపోయిందంట, ఇంక ఇటు రారు" అని చెప్పి అన్నం పెట్టి వెళ్ళింది నాయనమ్మ.

పిలవకూడదు. కోపం లేదని చెప్పాలి. ప్లాస్టర్ పీకేసి, పత్తి లాగేసి, ఆట మొదలుపెట్టాను.

టిక్... టిక్... పీం! పీం!

పట్టీలు పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీ కింద ఆగాయి. వింటోంది. నేను పట్టుకుంటూనే ఉన్నాను... అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. "పద్మా, ఎక్కవే!" అని వాళ్ళ నాన్న కేకేశాడు. పట్టీలు వెళ్ళిపోయాయి. బండి కదిలింది.

బొయ్య్...

"పడేశావ్ గదే!" బండి మీద నుంచి, నవ్వుతూ.

దాని గొంతు వినడం అదే ఆఖరు. నాకు తలంటి పోసి బయటికి తెచ్చేసరికి ఆ ఇంటికి తాళం. ఆ గేమ్‌ని పద్మ ఒక్కసారి కూడా చూడలేదు. చూడకపోవడమే నయమేమో... సముద్రం ఎక్కడే అని అడిగేది.

ఇప్పుడు మా అబ్బాయి ఆటల్లో వాన కురుస్తుంది, ఎండుటాకుల మీద అడుగులు వినిపిస్తాయి. ఒకసారి నా చెవులకూ హెడ్‌ఫోన్స్ పెట్టాడు. వెనక ఎవరో ఉన్నారని నిజంగానే తిరిగి చూశాను! "సౌండ్ లేకపోతే ఆటే లేదమ్మా" అంటాడు. నాకు చెబుతున్నాడు, చూడండి...

కానీ తలుపేసుకుంటాడు. అంత వానా వాడి ఒక్కడి చెవుల్లోనే. గది బయట నిలబడితే నాకు మీటల టకటక తప్ప ఏమీ వినిపించదు. వాడు గెలిచాడో ఓడాడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మీ ఆటల్ని గోడ అవతల నుంచి విన్నవాళ్ళు ఎవరైనా ఉండేవారా? ఉంటే కింద రాయండి, చదువుతాను.

కనిగిరి వైపు పద్మ ఎవరైనా ఇది చదువుతుంటే... ఆ చివరి కాయ ఆట రాక పడేయలేదే. నీ బండి కదిలిన చప్పుడు విన్నాక, ఇంక టిక్కులు వినిపించలేదు.