ఓబుళమ్మక్క మోసిన నీళ్లు

పక్కింటివాళ్లు మేడ మీద కుండీల్లో టమాటా పెంచుతున్నారు. మొన్న సాయంత్రం ఆరిన బట్టలు తీయడానికి పైకి వెళ్లినప్పుడు, పిట్టగోడ దాటి మా వైపు వాలిన కొమ్మనొకదాన్ని పక్కకు జరిపాను. వేళ్లకు పచ్చటి జిగురు అంటింది. సబ్బుతో రెండుసార్లు కడిగినా ఆ ఘాటైన ఆకు వాసన పోలేదు. అన్నం కలుపుకుంటుంటే అదే వాసన. ఓబుళమ్మక్క గురించి ఇన్నేళ్లలో నేనెవరికీ చెప్పలేదు. సిగ్గే కారణం.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు రోజులవి. రాప్తాడుకు దగ్గర్లోని ఒక పల్లెలో, హైస్కూల్లో సైన్సు టీచరుగా నాకు తొలి ఉద్యోగం. ఓబుళమ్మక్క ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. యాభైకి దగ్గరపడిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. రెండేళ్లుగా వేరుశనగ వేస్తే విత్తనం కూడా తిరిగి రాలేదు. ఆ ఏడు ఎండాకాలానికి పెరట్లో, స్నానాల బండ పక్కన పద్నాలుగు టమాటా మొక్కలు నాటింది. కూరకు సరిపోగా మిగిలినవి సంతలో అమ్ముకోవచ్చని ఆశ. చదువుకున్నదాన్నని నా మీద ఆమెకు గొప్ప నమ్మకం. జ్వరం మాత్రైనా నన్నడిగే మింగేది. అది నాకు బాగుండేది.

మార్చి చివర్లో ఒక ఉదయం నన్ను పెరట్లోకి పిలిచింది. రెండు మొక్కల చిగుళ్లు పైకి దొన్నెల్లా ముడుచుకుని, పసుపురంగుకు తిరిగాయి.

"టీచరమ్మా, ఈటికేమైందో సూడు. ఎదగకుండా గిడసబారిపోతాండాయి."

నాకేమీ అర్థం కాలేదు. అయినా నోరు ఊరుకోలేదు. "నీళ్లు చాలడం లేదక్కా. ఇంకో రెండు బిందెలు పొయ్యాలి" అన్నాను.

ఊరి బోరింగు అప్పటికే ఎండిపోయింది. నీళ్లకు ఊరవతల ఒక తోటలోని బోరు దగ్గరికి పోవాలి. కరెంటు వచ్చేది మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో ఓబుళమ్మక్క తలమీదొకటి, చంకనొకటి పెట్టుకుని రోజూ ఇంకొక తడవ తిరగడం మొదలుపెట్టింది. ముడత రెండు మొక్కల నుంచి ఆరు మొక్కలకు పాకింది. పూత వచ్చినట్టే వచ్చి రాలిపోయింది. ఒకరోజు ఆమె లేనప్పుడు మొక్క మొదట్లో వేలు పెట్టి చూశాను. మట్టి తడిగానే ఉంది. నా మాట తప్పని నాకు ఆ క్షణమే తెలిసింది. సాయంత్రం ఆమె మళ్లీ అడిగితే, "బూడిద కూడా వెయ్యక్కా, నీళ్లు మాత్రం ఆపకు" అన్నాను. ఎందుకలా అన్నానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. టీచరమ్మకు తెలియదనిపించుకోవడం ఇష్టం లేక. అంతకు మించి కారణం దొరకలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం బోరు గట్టు దిగుతూ బిందెలతో సహా పడిపోయింది. తుంటి విరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి ఆమెను తీసుకుపోవడానికి తమ్ముడు ఎర్రిస్వామి జీపు మాట్లాడుకుని వచ్చాడు. కణేకల్ దగ్గర కాలువ కింద టమాటా పండించే రైతు. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినవాడు ఒక కొమ్మ విరిచి తెచ్చి మా ముందు దులిపాడు. ఆకుల కింద నుంచి తెల్లటి నుసిలాంటి పురుగులు లేచాయి.

"ఇది ముడత రోగమక్కా. ఈ తెల్లదోమ అంటిస్తాది. ముందు ముడుచుకున్న రెండూ అప్పుడే పీకి కాల్చేసింటే మిగతావి దక్కేటివేమో. దీనికి నీళ్లతో ఏం పని? ఎవరు సెప్పినారు నీకు పొయ్యమని?"

నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఎవరు సెప్తారప్పా, నాకే తోసింది" అంది ఓబుళమ్మక్క. నా వైపు చూడలేదు.

అతను జీపు వాకిట్లోకి తెప్పించడానికి వెళ్లాక మంచం పక్కన కూర్చున్నాను. "అక్కా, నాకు తెలియకపోయినా చెప్పాను" అన్నాను.

ఆమె దుప్పటి అంచు సరిచేసుకుంది. గొంతులో కోపం లేదు. "తెలీదని ఒక్క మాట అనింటే, మా తమ్మునికి కబురు పెట్టింటి గదమ్మా" అంది.

జీపు వెళ్లిపోయాక పద్నాలుగు మొక్కలూ పీకి కాల్చాను. పచ్చివి కాబట్టి సరిగా కాలలేదు, పొగ మాత్రం చాలాసేపు వచ్చింది. ఆమె మళ్లీ నడవలేదని ఊళ్లో అనుకుంటుంటే విన్నాను. చూసి రావాలని ఒకసారి బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చేశాను. రెండేళ్లకు పోయిందని తెలిసింది. అప్పుడూ వెళ్లలేదు.

ఇప్పటికీ పాఠాలు చెబుతూనే ఉన్నాను. కిందటి వారం ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, చీమలు నిద్రపోతాయా అని అడిగింది. "నాకు తెలియదమ్మా, తెలిసినవాళ్లను అడిగి చెబుతాను" అన్నాను. సరే టీచర్ అని తలూపి కూర్చుంది. పక్కమ్మాయిని పెన్సిలు అడిగి తీసుకుని రాసుకోసాగింది. తెలియదనడానికి నాకు పట్టింది ఆ ఒక్క క్షణమే.