దస్తగిరన్న చెప్పమన్న మాట

పదకొండేళ్ల కిందట పై అధికారికి చెప్పవలసిన ఒక మాటను నేను చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. మొన్న నంద్యాలలో మా ఇంటి కింద ఎవరో పాత పరుపు విప్పి దూది ఏకిస్తున్నారు. చెమట, కొబ్బరినూనె, దుమ్ము కలిసిన ఆ వాసన మెట్లెక్కి వచ్చేసరికి టీ గ్లాసు కింద పెట్టేశాను. అది దస్తగిరన్న కొట్టం వాసన.

ఆళ్లగడ్డ ఊరి చివర ఆయన పరుపులు కుట్టేవాడు. ఆ చుట్టుపక్కల ఒక పోలీసు స్టేషన్లో నేను కాగితాలు రాసే రైటర్ని. తమ్ముడు తాగుడుతో పోయాక దస్తగిరన్న మా పాత అధికారిని బతిమాలి ఒక ఏర్పాటు చేసుకున్నాడు. తాగి గొడవపడినవాణ్ణి, జేబులో చిన్న గంజాయి పొట్లంతో దొరికినవాణ్ణి ఆయన సంతకం పెట్టి తీసుకుపోతాడు. కేసు ఉండదు. ప్రతి సోమవారం వాడు స్టేషన్లో కనిపించాలి. మళ్లీ జారితే దాచకుండా దస్తగిరన్నే తెచ్చి చెప్పాలి, మేము కానిస్టేబుల్ని తోడిచ్చి ఆసుపత్రికి పంపాలి. ముద్ర లేని ఆ కాగితం రాసింది నేనే.

కొట్టంలోకి వచ్చినవాడికి మొదట పాత దూది ఇచ్చి ఉండలు విడదీయమనేవాడు. చేతులు వణికినా దూది చెడదు. నెలకో రెండు నెలలకో ఒక పొద్దున దబ్బనం చేతికిచ్చేవాడు. ఒకేసారికి దారం ఎక్కిస్తే ఇంటికి పంపేవాడు. ఒకరోజు సరదాకి నేనూ ప్రయత్నించాను. మూడుసార్లు తప్పింది.

“ఏందప్పా ఓబులేసూ, నువ్వు గూడా ఈడ్నే కూచ్చో. బువ్వ నేను పెడ్తా!” అన్నాడు. దూది ఏరుతున్నవాళ్లంతా విరగబడి నవ్వారు.

అప్పట్లో డ్యూటీ దిగగానే నాకూ సీసా కావాలి. ఆ నవ్వు తర్వాత ఒక్కొక్క రోజే మానుకుంటూ వచ్చాను. కేసు లేకుండా, పేరు బయటపడకుండా ఆ కొట్టంలో బాగుపడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. “మనిషిని తెస్తానే ఏం కేసు అనొద్దప్పా. తిన్న్యావా అని అడుగు” అనేవాడు. కొన్నాళ్లు అలాగే అడిగాను.

మద్దిలేటి సంజామల దగ్గర పల్లెవాడు, లారీ డ్రైవరు. దబ్బనంలో దారం ఎక్కించి ఇంటికి పోయినవాడే. చుట్టాల పెళ్లిలో మళ్లీ తాగడం మొదలుపెట్టాడు. ఒక సోమవారం పొద్దున దస్తగిరన్న అతన్ని భుజం పట్టి నడిపించుకొచ్చి, జేబులోని పొట్లం తీసి నా బల్ల మీద పెట్టాడు.

“మన కాయితం ప్రకారమే తెచ్చినా. వారం నుంచి నిలపకుండా తాగినాడప్పా. ఒక్కపారిగా ఆగిపోతే ఫిట్సొస్తాయి, నా తమ్ముడు అట్లే పాయె. ముందు ఆసుపత్రికి పంపమని మీ సారుకు చెప్పు. నువ్వుండావ్ గదా. నేను బోయి వీని పెండ్లాన్ని పిల్చకొస్తా.”

మా కొత్త అధికారి వచ్చి వారమే అయింది, ఆ కాగితం సంగతి ఆయనకు తెలియదు. ఆ ఉదయమే ఎవరినో వదిలేశాడని ఒక కానిస్టేబుల్ని అందరి ముందూ తిట్టాడు. పొట్లం చూసి, “ఎవరు పట్టించారు?” అన్నాడు. కాగితం నా సొరుగులోనే ఉంది, నా చేతిరాతతో. నా ఉద్యోగం కళ్ల ముందు కదిలింది. “దస్తగిరి అని, పరుపులాయన సార్” అన్నాను. అంతే. ఆసుపత్రి మాట, కాగితం మాట ఎత్తలేదు. సారు కేసు రాయించాడు. వారం రోజుల తాగుడు సంగతి రిమాండు ముందు చూసిన డాక్టరుకూ చెప్పలేదు. మద్దిలేటి చేతులు వణకడం మాత్రం చూశాను. భార్య ఇంట్లో లేక దస్తగిరన్న ఒక్కడే తిరిగొచ్చేసరికి అతన్ని రిమాండుకు పంపేశారు.

మూడో రోజు జైల్లో అతనికి ఫిట్స్ వచ్చాయి. బతకలేదు.

కేసు కాగితాల్లో పట్టించినవాడి పేరు చదివించుకుని, అతని భార్య సుంకమ్మ కొట్టం ముందుకొచ్చింది. “బువ్వ పెట్టి పట్టిస్తివి గదరా! నీ చేతులు పడిపోను!” అంటూ దూది మీద మన్ను పోసింది. మరుసటి వారానికి కొట్టంలో ఒక్కడూ లేడు. తరువాత ఎవరూ రాలేదు.

దస్తగిరన్న నన్ను ఒక్కసారే అడిగాడు. “ఓబులేసూ, చెప్పినావా?”

“చెప్పినానన్నా. సారు వినలే.”

ఆయన నమ్మాడు.

మొన్న ఆ వాసన తగిలాక ఆళ్లగడ్డ బస్సెక్కాను. దస్తగిరన్నకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. దబ్బనం నా చేతికిచ్చి, “ఎక్కించప్పా” అన్నాడు. ఒకేసారికి ఎక్కింది. ఆయన మెచ్చుకోకముందే అంతా చెప్పేశాను.

ఆయన దారాన్ని వేళ్లతో తడిమి, దబ్బనం పక్కన పెట్టాడు. “నాతో అననీకి పదకొండేండ్లు పట్టెనా? నాకు గాదు, ఆయమ్మకు చెప్పుపో. నేనూ వస్తా.”

సుంకమ్మ ఇంటి ముందు మిరపకాయల తొడిమెలు తీస్తోంది. దస్తగిరన్నను చూడగానే మొహం తిప్పుకుంది. నేను ఆమెకెదురుగా నేల మీద కూర్చున్నాను.

“అమ్మా, నీ మొగుణ్ణి ఈయన తెచ్చింది పట్టించనీకి గాదు. ఆసుపత్రికి పంపమని సారుకు చెప్పమన్న్యాడు. నేను చెప్పలే. చెప్పినానని ఈయనకు అబద్ధమాడినా. తప్పు నాది. నన్ను క్షమించమని అడగనీకి గూడా నాకు మొగం లేదు. అయినా అడుగుతాండా.”