దీపాలు పెట్టాక గేట్ పాస్

మా ముత్తాత వీరభద్రయ్యగారి అరుగు మీద తేలని కాలవ నీళ్ళ తగాదా కొవ్వూరు చుట్టుపక్కల ఉండేది కాదు. మా తాత సూర్యనారాయణగారు కట్టిన ధాన్యం మిల్లు కూత విని నాలుగూళ్ళవాళ్ళు పొద్దు పోల్చుకునేవారు. గొప్పకు చెప్పడం లేదు. గాలికబుర్లు నమ్మే ఇంట్లో పుట్టలేదని చెప్పడానికి అంటున్నాను. దయ్యం పేరెత్తితే మా తాత భోజనం దగ్గర నుంచి లేచిపోయేవారు. నేనూ ఆయన మనవరాలినే.

మిల్లు మా చేతులు దాటిపోయింది. నేను వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ పెట్టే కంపెనీలో పని చేస్తున్నాను. ఆ మిల్లు ఇప్పటి యజమాని సత్యంగారు మా కంపెనీనే పిలిచారు. ఎవరికి ఏ అనుమతి ఉండాలో కంప్యూటర్లో పెట్టే పని నాకు పడింది. తప్పుకోవచ్చు. కానీ మనసు ఒప్పక తప్పుకున్నాననుకుంటారు. వెళ్ళాను.

కాటా దగ్గర మనిషి తూకం ఎక్కించగలడు, ధర చూడలేడు. గుమాస్తా బిల్లు రాయగలడు, కొట్టేయలేడు. సరుకు బయటికి పంపే గేట్ పాస్ ఇచ్చే హక్కు సత్యంగారికి, మేనేజరు జాన్ బాబుగారికి మాత్రమే. సరిచూడటానికి నాకూ అన్ని హక్కులూ ఉన్నాయి. అంతకుముందు బస్తాలు మాయమవుతుండేవట. అందుకని పాస్ రాకుండా గేటు తీయొద్దని సత్యంగారి శాసనం. దారిలో చూపించాల్సిన బిల్లు కూడా ఆ పాస్‌తోనే వస్తుంది.

పగలంతా బాగానే నడిచింది. సాయంత్రం, తవుడు ధూళి నీరెండలో బంగారంలా తేలుతుండగా, సత్యంగారి భార్య ఆఫీసు గోడగూట్లో దీపం పెట్టి వెళ్ళారు. ఆ తరవాత జాన్ బాబుగారు పాస్ కోసం నొక్కితే, మీకు ఈ అనుమతి లేదు అని వచ్చింది. సత్యంగారి పేరుతోనూ అంతే. నా పేరుతోనూ అంతే. తెల్లవారాక నొక్కితే మామూలుగా వచ్చింది.

మర్నాడూ అదే తంతు. వేళల కట్టడి ఏదీ నేను పెట్టలేదు. హైదరాబాదులోని మా ఆఫీసువాళ్ళు చూసి అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. లోపలికొచ్చే ధాన్యం ఎంత పొద్దుపోయినా ఎక్కేది. బయటికెళ్ళేది మాత్రమే ఆగేది. ముసురు పట్టిన ఒకరోజు సత్యంగారి భార్య దీపం ముందే పెట్టారు. ఆ రోజు పాస్ కూడా ముందే ఆగిపోయింది.

ఆ సాయంత్రమే కాకినాడ రేవుకు వెళ్ళాల్సిన లారీ గేటు దగ్గర నిలబడిపోయింది. తెల్లారితే ఓడ కదిలిపోతుంది.

"మిల్లింకా మీదే అనుకుంటున్నారేమోనండి," అన్నారు సత్యంగారు నవ్వుతూనే. "ఎక్కడో ఓ తాళం మీ దగ్గరే అట్టేపెట్టుకున్నారు. తీసేయండి. లేదంటే మీ ఆఫీసుకి ఇదే ముక్క రాస్తాను."

మా ఇంటివాళ్ళను చేతకానివాళ్ళన్నవారున్నారు గాని మోసగాళ్ళన్నవారు లేరు. ఆ మాట నాతో మొదలయ్యేలా ఉంది.

"అమ్మేసిన వస్తువు మీద చెయ్యి వేసే అలవాటు మా ఇంట్లో లేదండి," అన్నాను.

జాన్ బాబుగారు తేలిక చేయబోయారు. "దీపం చూసి బెదురుతోందేమోనండి ఈ కంప్యూటరు. మా చర్చివాళ్ళకైతే ఆ గొడవ లేదు, స్విచ్చేస్తే వెలుగే. మా ఇంటికి పట్టుకెళ్ళిపోదామా?"

నేను గూట్లోకి చూశాను. అది పాత గూడే. ఇప్పుడు ఆఫీసున్న గది ఒకప్పుడు మా ధాన్యం కొట్టు. మా నాయనమ్మ అక్కడే దీపం పెట్టేవారు. పెట్టాక కొట్టులోంచి గింజ బయటికి పోనిచ్చేవారు కారు, లక్ష్మి వెళ్ళిపోతుందని. ఎవరింటికైనా చుట్టాలు దిగబడి బియ్యానికి వస్తే కొలిచి ఇచ్చి, వాళ్ళ చేటలోంచే పిడికెడు వెనక్కి తీసి కొట్టులో వేసి, అప్పుడు వెళ్ళిరమ్మనేవారు.

లారీ దగ్గరికి వెళ్ళాను. నమూనా తీసే ఇనప గొట్టం బస్తాలో గుచ్చి పిడికెడు బియ్యం తీశాను. ఇప్పుడు కొట్టంటే గోడౌనే కనక దాని మూలన పోశాను. కాలవ గట్టు మీది గాలి లోపలికి వచ్చి, ఎవరో ఊపిరి వదిలినట్టుగా ఆగింది. గాలే అయ్యుంటుంది.

"ఇప్పుడు నొక్కండి," అన్నాను.

పాస్ వచ్చింది. లారీ కదిలింది.

"ఏం చేశారండీ?" అన్నారు జాన్ బాబుగారు.

"సెట్టింగ్ మార్చాను."

సత్యంగారు కాఫీ తెప్పించారు. కూర్చోమన్నారు. నిలబడే తాగాను.

వచ్చేముందు వాళ్ళ పని నియమాల్లో ఒక వాక్యం చేర్చాను: సాయంత్రం లోడు నుంచి పిడికెడు నమూనా గోడౌన్లో ఉంచాలి. ఇప్పటికీ పాటిస్తున్నారు. ఒకసారి మరిచిపోతే లారీ తెల్లారేదాకా ఆగిందని జాన్ బాబుగారు ఫోన్‌లో చెప్పారు. అప్పుడు ఆయన హాస్యమాడలేదు.

ఆ అనుమతులన్నీ నా చేత్తో పెట్టినవి. ఈ ఒక్కటి ఎవరు పెట్టారో నాకు తెలియదు.

మా నాన్నగారు మిల్లు, కొట్టు, కాటా, కాలవ దాకా ఉన్న స్థలం ఒకే దస్తావేజుతో అమ్మారు. రిజిస్ట్రేషన్ ఆలస్యమై, తాళాలు చేతులు మారేసరికి దీపాలు పెట్టేశారు. పిడికెడు వెనక్కి తీయాలని ఎవరికీ తోచలేదు.