ప్రాణహిత దాటిన రెండు ఫోటోలు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది ఎండు చేపలమ్మే అక్క. ఆమె ఊరు ప్రాణహితకు అవతల, మహారాష్ట్రలో ఉంటుంది. అంగడి రోజున పడవలో నది దాటి, ఆటో ఎక్కి మా చెన్నూరుకు వస్తుంది. నేనామెను అక్క అంటాను, ఆమె నన్ను అక్క అంటుంది. ఎవరు పెద్దో ఇద్దరం ఇంతవరకు తేల్చుకోలేదు. ఆ రోజు గంప దించకుండానే గుమ్మంలో నిలబడి నా మీద విరుచుకుపడింది.

"ఏం ఫోటో తీసినవే అక్కా! బతికున్న మనిషిని పెట్టెల పండబెట్టినవ్ గదనే. గా ఫోటో చేతికిచ్చిన కాడికెల్లి ముసల్ది అన్నం ముడ్తలేదు. అక్క సచ్చిపోయిందని గోడ దిక్కు తిరిగి పండుకున్నది."

ఆమె ముసల్ది అన్నది మా చర్చి సంఘంలో ముందు వరసలో కూర్చునే పెద్దమ్మకు సొంత చెల్లెను. పెళ్లయి నది దాటి పోయిన మనిషి. చెవులు ఎప్పుడో పోయాయి. ఈ ఎండాకాలం మంచాన పడింది. ఆమె అక్కను చూడాలని అడిగితే, పెద్దమ్మ ఫోటో తీసి పంపింది నేనే.

నా ఫోటోల సంగతి కొంచెం చెప్పాలి. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలు బాగాలేక ఇంట్లోనే ఉంటే, బాపు పొలం నుంచి వచ్చి బైబిల్ తెరిచి, అక్షరం మీద నా వేలు పెట్టించి చదివించాడు. కీర్తనలే నా వాచకం. కొండలు, నీళ్లు, గొర్రెలు, అన్నీ ముందు అక్షరాల్లో చూసి తర్వాత కళ్లతో చూసినదాన్ని. అందుకేనేమో, తమ్ముడు హుజూరాబాద్‌లో స్టూడియో మూసేసి పాత కెమెరా ఒకటి నా చేతిలో పెట్టినప్పుడు, చదివినవన్నీ వెతుక్కుంటూ పోవాలనిపించింది.

బట్టలు కుట్టే పని లేని రోజున బయలుదేరతాను. ఉట్నూర్ దారిలో జీపు దిగి, టేకు ఆకుల మీద మంచు ఆరే దాకా కూర్చున్నాను. కరీంనగర్ దగ్గర రాయి కోసం సగం తొలిచిన గుట్టను తీశాను. సగం పోయినా నిలబడే ఉంది కదా అని దానికీ ఒక స్తోత్రం చెప్పాను. గోదావరిలో దీపాలు వదిలే అమ్మలను అడిగి తీశాను. దర్గా గడప దగ్గర నెమలీకల కట్ట పట్టుకుని కూర్చున్న తాతను తీశాను. ఎవరి మొక్కు వారిది. ముఖాల మీద ఆశ మాత్రం మా చర్చిలో చూసేలాంటిదే.

కెమెరా ఎత్తినప్పుడు నాకో అలవాటు ఉంది. "ప్రభువా, నీవు చేసినదాన్ని చూడనియ్యి" అని పైకే అంటాను. అంటూనే నొక్కుతాను. కొండను తీసేటప్పుడు దీనితో చిక్కు లేదు. కొండ కళ్లు మూసుకోదు. పెద్దమ్మ మూసుకుంటుంది. ప్రభువా అన్న మాట చెవిన పడితే చాలు, ఆమెకు కళ్లు మూతపడతాయి, తల వంగుతుంది, చేతులు రొమ్ము మీదికి పోతాయి. పుట్టినప్పటి నుంచీ అంతే.

ఆ ఆదివారం కూడా అలాగే అయింది. ఆరాధన అయిపోయాక, చర్చి కిటికీ పక్కన, తెల్లచీరలో కూర్చోబెట్టి తీశాను. ఎన్నిసార్లు నొక్కినా మూసిన కళ్లే. అయినా అంత నెమ్మదైన ముఖాన్ని నేను అంతకుముందు తీయలేదు. పెద్దమ్మ కూడా కెమెరాలో చూసుకుని మురిసిపోయింది.

"ప్రార్థనల ఉన్న. ఇంతకన్న ఏం గావాలె బిడ్డా? గిదే పంపు."

ముఖమూ చేతులూ మాత్రమే కనపడేటట్టు పెద్దగా అచ్చు తీయించి, రెండో ప్రతి నా బైబిల్లో దాచుకుని, ఒకటి నది దాటించాను. మా ఇద్దరికీ తట్టనిది ఒకటి ఉంది. మా క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా ప్రభువు దగ్గరికి పోతే, పెట్టె మూత వేయకముందు ఫోటో తీయిస్తాం. తెల్లబట్ట, మూసిన కళ్లు, రొమ్ము మీద చేతులు. కడసారి చూపుకు అందని బంధువులకు ఆ ఫోటో పంపుతాం. చెల్లె ఇంటి గోడకు అలాంటివి రెండున్నాయట, వాళ్ల అవ్వది, బాపుది. మాట వినపడని మనిషి చేతికి మూడోది అందింది.

ఆమె కోడలు చేతులు తిప్పి తిప్పి, అక్క బతికే ఉందని చెప్పి చూసింది. దాస్తున్నారనుకుంది ముసలామె. ఫోన్‌లో వీడియో కలిపితే సిగ్నల్ అందక, పెద్దమ్మ బొమ్మ కదలకుండా అక్కడే నిలిచిపోయింది. దాంతో బతికుందేమోనన్న కాస్త ఆశ కూడా పోయింది.

"గంజి పోస్తే ఉమ్మేస్తున్నది," అంది చేపలక్క. "వచ్చే అంగడి దాకా ఉంటదన్న నమ్మకం లేదు. నేను పొద్దుగూకక ముందు పడవ ఎక్కాలె. గంతల ఏమన్న చెయ్యి."

కెమెరా, బైబిల్లోని ఫోటో తీసుకుని, చేపలక్కను వెంటబెట్టుకుని పరుగున పోయాను. పెద్దమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. సంగతి వినగానే చేతిలో చాట ఊగేటట్టు నవ్వింది.

"సావకముందే సావు ఫోటో దిగిన్నా నేను?"

తర్వాత నవ్వు ఆగిపోయింది.

"తింటలేదా అది? చిన్నప్పుడు గూడ గంతే. అవ్వ నన్ను కొడితే, నేను తినేదాక అది ముద్ద ముట్టకపోయేది." చాట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఆగు. పూల చీర కట్టుకొస్త. పెట్టెల పండేటోళ్లు పూల చీర కట్టరు."

వాకిట్లోనే పీట మీద కూర్చుంది. నేను కెమెరా ఎత్తాను. నోరు అలవాటు మానలేదు. ప్రభువా అన్నాను. కళ్లు మూతపడ్డాయి.

"పెద్దమ్మా, కండ్లు!"

"నువ్వు ప్రార్థన చేస్తుంటే నేను గుడ్లు మిటకరించి చూడాల్నా? ఎవలన్న నవ్వుతరు."

సరే, మనసులోనే అనుకుందామని పెదవులు బిగించాను. తల కొంచెం వంగిందేమో, ఆమె కనిపెట్టి మళ్లీ మూసుకుంది. ప్రార్థన లేకుండానే తీద్దామని చూశాను, వేలు ముందుకు పోలేదు. అన్నం తినబోతూ చేయి కడుక్కోవడం మరిచినట్టయింది.

పక్కనే గంప దించుకుని కూర్చున్న చేపలక్క నుదురు కొట్టుకుంది. "ఇద్దరికి ఇద్దరు! అవతల ముసల్ది పానం మీదికి తెచ్చుకున్నది, ఇవతల మీ భక్తి ఒడుస్తలేదు."

అప్పుడు పెద్దమ్మ కళ్లు మూసుకునే, ఒకింత విసుగ్గా అంది. "బిడ్డా, నువ్వు ఎప్పుడన్న ఆమేన్ అన్నవా? ప్రభువా అంటివి, టక్కున నొక్కుతివి. ఒడిసినట్టు నాకెట్ల ఎరుక? ఆమేన్ అను, తెరుస్త."

నిజమే. ఇన్ని కొండలు, ఇన్ని నీళ్లు, ఇన్ని ముఖాలు తీశాను. ఏ ప్రార్థననూ ముగించలేదు.

"ఇంకోటి," అంది పెద్దమ్మ. "పాత ఫోటో ఏదో పంపిర్రనుకుంటది. గా మొదటిది నా చేతికియ్యి, పట్టుకుంట. సచ్చినోళ్లు తమ సావు ఫోటో పట్టుకోని కూసుంటరా?"

ఇచ్చాను. ఈసారి నిదానంగా, చెల్లె పేరు కూడా చెప్పి, చివరిదాకా ప్రార్థన చేశాను. ఆమేన్ అన్నాను. ఆమేన్ అని పెద్దమ్మ కళ్లు తెరిచింది. నొక్కాను.

ఎక్కడికో పోయి అప్పుడే ఇంటికొచ్చిన మనిషి చూపు అది. కళ్లలో తడి, పెదవి మీద నా మీది విసుగు, చేతిలో తన మూసిన కళ్ల ఫోటో. బజారులో అచ్చు తీయించబోతే కరెంటు పోయింది. చేపలక్క స్టూడియో మెట్ల మీద కూర్చుని కరెంటాఫీసు వాళ్లను ఏడు తరాలు తిట్టింది. పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. తడి ఆరకముందే ఫోటోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గంపలో చేపలకు దూరంగా పెట్టి పంపాం.

తర్వాతి అంగడికి ఆమె రాలేదు. పైన వానలు పడి నది పొంగింది, పడవలు ఆపేశారన్నారు. ఫోన్ చేస్తే కలవలేదు. పెద్దమ్మ చర్చిలో అందరూ లేచి పోయాక కూడా కూర్చునే ఉండేది. నేనూ పక్కన కూర్చునేదాన్ని.

నీళ్లు తగ్గాక చేపలక్క వచ్చింది. నేనూ పెద్దమ్మా కూర్చున్న వాకిట్లోకే నేరుగా వచ్చి గంప దించింది.

"ముందుగాల గుర్తువట్టలే. అక్క చేతిలున్న ఫోటో చూసింది, మొఖం చూసింది, మల్ల ఫోటో చూసింది. అటెంక నవ్వింది సూడు, నోట్ల ఒక్క పన్ను లేదు! 'గీ పిచ్చిది నన్ను ఉత్తగ ఏడ్పిచ్చింది' అన్నది. కోడల్ని గంజి తెమ్మన్నది. ఇప్పుడు ఉప్పు తక్కువైందని రోజూ తిడుతున్నది."

"తిడుతున్నదా?" అంది పెద్దమ్మ.

"కోడలు పరేషానైతున్నది."

"అయితే మంచిగనే ఉన్నది. స్తోత్రం, ప్రభువా." ఈసారి కళ్లు మూసుకోవడం మరిచిపోయి, నవ్వుతూనే అంది.

ఆ నవ్వు తీద్దామంటే కెమెరా నా ఇంట్లోనే ఉండిపోయింది. దానికి చింత లేదు. ప్రభువు చూడనిచ్చాడు, చాలు. తిట్లు మోసుకొచ్చినందుకు చేపలక్కకు, కరెంటు ఇచ్చినవాళ్లకు, పొంగి కూడా తగ్గిన నదికి, ఆ రోజు ఎవరికి చెప్పాలో తెలియక అందరికీ కృతజ్ఞత చెప్పుకున్నాను. ఇప్పుడు కొండ ముందు నిలబడినా ఆమేన్ అన్నాకే నొక్కుతున్నాను. ఆ కాస్త ఆలస్యంలో మబ్బు జరిగిపోతుంది, కొంగ ఎగిరిపోతుంది. మిగిలింది తీసుకుంటాను.

చెల్లె ఇంకా మంచంలోనే ఉంది. అక్కాచెల్లెళ్లు ఈ జన్మలో ఒకరి ముందు ఒకరు కూర్చుంటారో లేదో నాకు తెలియదు. నా ఫోటో చూసి ఏడ్చి, నా ఫోటో చూసి నవ్విన ఆ మనిషిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. చదివిన మీరు, మీ దేవుని ముందు కూర్చున్నప్పుడు, ప్రాణహిత అవతల ఉప్పు తక్కువైందని తిడుతూ గంజి తాగుతున్న ఆ ముసలమ్మను ఒకసారి తలుచుకోండి.