ఒకరోజు ముందే పండిన పురుగులు

ఆ శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు కెంచార్లహళ్ళిలో బస్సు దిగినవాళ్ళం ఆరుగురం. ఫైనల్ ఇయర్ వాళ్ళం ఇద్దరం, నేనూ నా క్లాస్‌మేటూ. మూడో సంవత్సరం అబ్బాయిలు ముగ్గురు. పాతపాళ్య నుంచి వచ్చి చదువుకుంటున్న రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు. మాతో ఉన్నవి: వేడి, తేమ కొలిచి హద్దు దాటితే కూత పెట్టే పెట్టె ఒకటి, దాని సెన్సర్లు రెండు, పది మీటర్ల వైరు, మల్టీమీటరు, స్క్రూడ్రైవర్ల సెట్టు, సాల్డరింగ్ ఐరన్ (వాడనివ్వలేదు, ఆ పొగ పట్టుపురుగులకు పడదు), పద్నాలుగు పనులు వరుసగా రాసుకున్న కాగితం. కాగితం నా జేబులో ఉంది. పద్నాలుగింటిలో పదకొండు పనుల ఎదురుగా నా పేరే ఉంది.

అప్పుడు నేను చిక్కబళ్ళాపురంలో మా ఇంజనీరింగ్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ క్లబ్బుకు అధ్యక్షుణ్ణి. ఆ పెట్టె మీద క్లబ్బు నాలుగు నెలలు పనిచేసిందని పోస్టర్లో రాశాం. నిజానికి ప్రోగ్రామ్ రాసిందీ, అతుకులు వేసిందీ నేనే. వేరేవాళ్ళు చేస్తే మళ్ళీ సరిచూడాలి, ఆ సమయంలో నేనే చేసేయొచ్చు అన్నది నా లెక్క. పాతపాళ్య అమ్మాయికి ఫోటోలు తీసే పని ఇచ్చాను. నా క్లాస్‌మేటును ఉపాధ్యక్షుడంటూ వైర్లు పట్టుకొని నిలబెట్టేవాణ్ణి.

పెట్టెను పెట్టాల్సిన పురుగుల షెడ్డు ఒక రైతమ్మది. మేం వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో నిలబడి, ఒక పురుగును రెండు వేళ్ళ మధ్య పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూస్తున్నారు. మమ్మల్ని చూసి నవ్వలేదు. పండినాయి, అన్నారు.

అంటే ఏమిటో ఆ పది నిమిషాల్లో తెలుసుకున్నాం. పండిన పురుగు ఆకు తినడం మానేస్తుంది, ఒళ్ళు పసుపు తిరిగి గాజులా మెరుస్తుంది, తల ఎత్తి అటూ ఇటూ ఊపుతుంది. దాన్ని ఏరి, వెదురుతో చుట్టలు చుట్టలుగా అల్లిన చంద్రిక మీద వెయ్యాలి. అక్కడ గూడు కట్టుకుంటుంది. ఆలస్యమైతే ఆకుల మీదనే దారం పోసేస్తుంది, ఆ గూడు పనికిరాదు. షెడ్డులో ఆకు పరిచిన అరల మీద ఉన్నవి దాదాపు నలభై వేల పురుగులు. ఆదివారం పండుతాయని ఆమె అంచనా. రెండు రోజుల ఎండకు శనివారమే పండాయి. ఎప్పుడూ ఏరడానికి వచ్చే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చింతామణిలో గృహప్రవేశానికి వెళ్ళారు. ఆమె భర్త మిగతా చంద్రికలు తేవడానికి టెంపోలో వెళ్ళారు. ముందు పంట రోగం తగిలి మొత్తం గుంతలో పూడ్చాల్సి వచ్చిందట. ఇదీ పోతే ఇక పురుగులు మేపేది లేదని ఆమె మాకు చెప్పలేదు, నీళ్ళ చెంబు అందిస్తూ తనలో తాను అనుకున్నారు.

మమ్మల్ని ఆమె సాయం అడగలేదు. పాతపాళ్య అమ్మాయే చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొని లోపలికి వెళ్ళింది. మేం వెనకే వెళ్ళాం.

నాకు ఒళ్ళంతా హుషారు. ఇది కదా క్లబ్బుకు పరీక్ష! కాగితం వెనక్కి తిప్పి కొత్త జాబితా రాశాను. ఆరుగురం, మూడు జట్లు. ప్రతి జట్టులో ఒకరు ఏరాలి, ఒకరు సరిచూడాలి. ఇరవై నిమిషాలకు ఒకసారి పనులు మారాలి, అరలు మారాలి. ప్రతి తట్టనూ చంద్రిక దగ్గరికి వెళ్ళేముందు నేను చూడాలి. లెక్క నా ఫోన్‌లో.

గంట గడిచింది. నిండిన చంద్రికలు రెండు.

నలభై వేలంటే నలభై చంద్రికలు కావాలి. ఈ వేగానికి ఇరవై గంటలు. అరల మీద పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి, కొన్ని అప్పుడే ఆకు అంచున దారం తీస్తున్నాయి. నేను ఇంకా గట్టిగా సరిచూడడం మొదలుపెట్టాను. మూడో సంవత్సరం అబ్బాయి ఒకరి తట్టలోంచి పండని పచ్చి పురుగు ఒకటి తీసి చూపించి, ఇది చూసుకోలేదా అని అడిగాను. నా క్లాస్‌మేటు చేతిలో తట్ట అరుగు మీద పెట్టేశాడు.

"అధ్యక్షా, మాకు రిపోర్టు ఇచ్చేదే సరిపోతాండాది. పురుగులు ఏరేది ఎప్పుడు?"

అందరూ నవ్వారు. రైతమ్మ నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నువ్వేం చూస్తాండావప్పా, వాళ్ళ చేతులా, పురుగులా?"

తప్పు పురుగులు చంద్రిక ఎక్కకుండా చూస్తున్నానని చెప్పాను.

"పచ్చివి నాలుగు పోతే పోనీప్పా. నువ్వు ఒక్కోటీ చూస్తా కూచుంటే పండినవన్నీ పోతాయి. కాగితం లోపల పెట్టుకో. చంద్రికలు మొయ్యి."

నేను మోశాను.

ఆమె ఏం చేశారో మోస్తూనే గమనించాను. ఒక్కొక్కరి అరచేతిలో పండిన పురుగు ఒకటి, పండనిది ఒకటి పెట్టారు. తేడా చెప్పలేదు, వాళ్ళనే చెప్పమన్నారు. చెప్పినవాళ్ళకు ఒక అర ఇచ్చి, అది అయ్యేదాకా కదలొద్దన్నారు. పాతపాళ్య అమ్మాయికి అందరికంటే ఎక్కువ పండిన అర ఇచ్చారు, ఎందుకంటే ఆమె చూపు ముందే పసుపును పట్టేసింది. ఏడాదిగా వెలుతురు చూసి ఫోటోలు తీసే కళ్ళు అవి, నాకు మాత్రం తట్టలేదు. ఆ తరువాత రైతమ్మ అరల మధ్య తిరిగారు. ఎవరి తట్ట నిండితే ఆ తట్ట తీసుకెళ్ళి ఖాళీది పెట్టారు. సరిచూడలేదు. ఆగిన చేయి కనిపిస్తే మాత్రం, "ఏమాయె అమ్మా?" అని అడిగారు, అంతే.

గంటకు ఆరు చంద్రికలు నిండడం మొదలైంది! పరుగెత్తకపోతే నాకు అందడం లేదు. టెంపో వచ్చి కొత్త చంద్రికలు దించాక, నిండినవి బయట రేకుల పందిరి కింద ఏటవాలుగా ఆనించి మళ్ళీ లోపలికి ఉరుకుతున్నాను. వీపు తడిసింది, చేతులకు ఆకు వాసన, గొంతులో ఊరికే నవ్వు. నాలుగేళ్ళ కాలేజీలో ఏ బహుమతి తీసుకున్నప్పుడూ అంత ఉత్సాహం నాకు తెలియదు.

మధ్యాహ్నం రెండింటికి పెట్టె గుర్తొచ్చింది. నేను వెళ్ళేసరికి నా క్లాస్‌మేటు దాన్ని అప్పటికే బిగించేశాడు, నా కాగితంలో రాసినట్టు షెడ్డు లోపల కాదు, బయట పందిరి కింద. లోపల ఖాళీ అయిపోతాండాదే, పురుగులన్నీ ఇక్కడ ఉంటే పెట్టె అక్కడెందుకు, అన్నాడు. అతుకు వంకరగా ఉందేమో చూద్దామని చేయి చాచి, వెనక్కి తీసుకున్నాను. అడుగు వేసేలోపే పెట్టె కూసింది. గూడు కట్టేముందు పురుగులు మూత్రం పోస్తాయి. చంద్రికలను నేను దగ్గర దగ్గరగా ఆనించాను, గాలి ఆడక తేమ పెరిగింది. తప్పు నాది, పట్టుకున్నది అతను పెట్టిన పెట్టె. అందరం కలిసి చంద్రికలను మూర ఎడంగా జరిపి, పందిరి పడమటి గోనెపట్టా ఎత్తి కట్టాం. పది నిమిషాలకు కూత ఆగింది. రైతమ్మ పెట్టె వైపు మొదటిసారి తిరిగి చూసి, ఇదేదో బాగానే అరుస్తాండాదే అన్నారు.

అయిదు దాటాక గృహప్రవేశానికి వెళ్ళిన ఆడవాళ్ళు కొత్త చీరల్లోనే పరుగున వచ్చారు. ఒక్క అర మిగిలింది. వాళ్ళలో పెద్దామె నా మొహం, ఆకు రసం మరకల చొక్కా చూసి, "ఈ కూలాయన్ని యాడ పట్టినావే?" అని అడిగింది. రైతమ్మ అప్పుడు నవ్వారు.

తిరుగు బస్సులో నా జాబితాను మళ్ళీ రాశాను. పద్నాలుగు పనులు, పదకొండింటి ఎదురుగా ఉన్న నా పేరు కొట్టేసి, ఎవరికి ఏది కావాలో వాళ్ళనే రాయమని కాగితం వెనక సీట్లకు పంపాను. పాతపాళ్య అమ్మాయి ప్రోగ్రామ్ అడిగింది. రెండు నెలలకు నేను రాసినదానికంటే చిన్నగా, నాకంటే బాగా రాసింది. ఈ సంవత్సరం క్లబ్బు అధ్యక్షురాలు ఆమె. కొత్తగా చేరినవాళ్ళకు నాయకత్వం గురించి చెప్పమని నన్ను పిలిచింది. స్లైడ్లు తయారుచేసుకొని వెళ్ళాను, తెరవకుండా ఈ కథే చెప్పాను.

ఆ శనివారం తరువాత ఆరో రోజున గూళ్ళు విడిపించే పనికి అందరం మళ్ళీ వెళ్ళాం. పంట నిలిచింది. ఖాళీ అరలు ఊడ్చే ముందు నేను ఆకుల మీద వెతికి లెక్కపెట్టాను. నిండిన చంద్రికలు ముప్ఫై తొమ్మిది. ఆకుల మీదనే గూడు కట్టేసుకున్నవి నూట పద్నాలుగు.